ఏటవాలు మాస్టారి సొరచేప

ఏటవాలు మాస్టారికి తిన్నగా ఉన్న వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు. గోడమీది పటం ఎడమ మూలను కిందికి నొక్కితే గానీ ముందుకు కదలరు. తన టోపీ సరే, పక్కవాడి టోపీని కూడా ఎడమ చెవి మీదికి లాగేస్తారు. మ్యూజియం వాళ్లిచ్చిన గుర్తింపు కార్డులో ఫోటోను వంకరగా అంటించుకున్న ఘనుడు. గేటు దగ్గర కాపలాదారు తల వంచీ వంచీ విసుగెత్తి, చివరికి ఆ కార్డు చూడడమే మానేశాడు.

"ఏమిటండీ ఈ వంకర?" అని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే.

"సుత్తితల సొర ఇలాగే ఈదుతుందండి."

ఆయన ఆ సముద్రజీవుల మ్యూజియంలో బొమ్మలు చేసే మాస్టారు. ఆయన మాటలో అబద్ధం లేదని ఇన్‌ఛార్జి మేడంకి తెలుసు. సుత్తితల సొరల్లోకెల్లా పెద్ద జాతికి వీపు మీది రెక్క కొడవలిలా, మరీ పొడుగ్గా ఉంటుంది. అది పక్కకు ఒరిగి, ఆ రెక్క ఆసరాతో నీళ్లలో తేలిగ్గా సాగిపోతుంది. కాసేపు ఈ పక్కకి, కాసేపు ఆ పక్కకి. ఈదడం ఆపితే ఊపిరాడని జీవి గనక ఎంత అలుపు తగ్గితే అంత మంచిది. ఇదంతా మేడం కూడా చదువుకున్నదే. కానీ అది చదివి ఎవరూ ఇంకొకరి ఆఫీసు బల్ల కాలికింద చెక్కముక్క దోపరు. మాస్టారు దోపారు. ఆనాటి నుంచి మేడం పెన్ను ఎడమవైపుకి దొర్లి కింద పడుతూనే ఉంది. తీయించేసి చూసింది. మర్నాటికి చెక్క మళ్లీ ప్రత్యక్షం. ఆయనతో పోట్లాడడం కంటే వంగి పెన్ను తీసుకోవడమే సులువని ఆమె తీర్మానించుకుంది.

అంతవరకూ అందరూ నవ్వుకున్నారు. కొత్త హాలు వచ్చాక నవ్వులాట కాకుండా పోయింది.

ఆ హాలు కోసం మాస్టారు నిలువెత్తు సొరను చేశారు. గుమ్మంలో అడుగు పెట్టగానే మన మీదికే వస్తున్నట్టుంటుంది. కింద ఇసుకలో తోకకు ముల్లుండే ఒక టేకు చేప పళ్లెంలా ఒదిగి దాక్కుని ఉంటుంది. అది ఎంత దాక్కున్నా, దాని ఒంట్లోంచి వచ్చే కాస్తంత విద్యుత్తును సొర తన వెడల్పాటి తలతో పసిగట్టేస్తుంది. ఆ తలతోనే అదిమి పట్టి తింటుంది.

"కళ్లు చూశారా, రెండూ రెండు చివర్లా ఉన్నాయి," అన్నారు మాస్టారు మేడంతో. "పైనా కిందా, ముందూ వెనకా అన్నీ కనబడతాయి. సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనబడదు."

అంతా బాగానే ఉంది. సొర మాత్రం గొలుసుకు ఎడమవైపుకి ఒరిగిపోయి వేలాడుతోంది.

మ్యూజియం అధ్యక్షుడు వచ్చి చూశాడు. ఆయన నవ్వడం ఎవరూ ఎరగరు.

"గొలుసు జారిందా?"

"లేదండి. ఈదుతోంది," అన్నారు మాస్టారు.

"చూసినవాళ్లు కట్టడం చేతకాలేదంటారు. ప్రారంభం నాటికి ఇది తిన్నగా ఉండాలి," అని ఆయన మేడం వైపు తిరిగాడు. "లేదంటే ఈ హాలుకు ఇన్‌ఛార్జిగా ఇంకొకరిని చూసుకుంటాం."

మేడం పనివాళ్లను పిలిచి తిన్నగా కట్టించింది. భోజనం చేసి వచ్చేసరికి సొర ఒరిగి ఉంది. మళ్లీ కట్టించింది. టీ తాగి వచ్చేసరికి మళ్లీ ఒరిగింది. ఇక లాభం లేదని సొరను సరిచేయించి, గొలుసుకు తాళం వేయించి, తాళంచెవి తన సంచిలో వేసుకుంది. మర్నాడు మాస్టారు పనికి రాలేదు.

ఆమెకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా దిగులు వేసింది. ఇన్నేళ్లలో ఆయన ఒక్క రోజు నాగా పెట్టి ఎరగరు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది.

ఇల్లు చిన్నది, అద్దంలా ఉంది. పటాలు, అద్దం, గోడ గడియారం అన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి. టైమెంతయిందో తెలియక మేడం తికమక పడుతుంటే లోపలి గది కర్టెన్ వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"తల కాస్త ఎడమకు వంచండమ్మా. అలవాటైపోతుంది."

"మా ఆవిడ," అన్నారు మాస్టారు టీ కప్పులు తెస్తూ. "బయటికి రాదులెండి."

మేడం ఆయన చెప్పబోయే సొర పురాణమంతా వినడానికి సిద్ధపడే వచ్చింది. రెక్క గురించి ఏమంటే ఏమనాలో దారిలో అనుకుంటూ వచ్చింది కూడా. ఆయన రెక్క మాటే ఎత్తలేదు.

"ఒక్కరోజు ఒరగనివ్వండి," అన్నారు నెమ్మదిగా. "ప్రారంభం రోజు ఒక్కటే. తర్వాత నేనే తిన్నగా కట్టేస్తాను. మా ఆవిడ గడప దాటి చాలా కాలమైంది. ఒరిగిన సొరను చూపిస్తానంటే వస్తానంది. మాటిచ్చేశాను."

మాస్టారు ఒకరిని బతిమాలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎందుకో ఆమె మనసు చివుక్కుమంది. తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. అది దొర్లకపోయినా, కొంచెం జారింది.

ప్రారంభం రోజు హాలు కిటకిటలాడింది. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషీ సొరను చూసి ఆగడం, తల ఎడమకు వంచడం. పిల్లలు వంచారు, వాళ్లనెత్తుకున్న తండ్రులు వంచారు, ఫోటోలు తీసేవాళ్లు నడుముతో సహా వంగారు. చిటపటలాడుతూ వచ్చిన అధ్యక్షుడి తల కూడా ఆయన అనుమతి లేకుండానే ఒరిగింది. హాలులో నిటారుగా ఉన్న తల ఒక్కటీ లేదు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు.

కాసేపటికి జనం తలలు సరిచేసుకుని తర్వాతి గదిలోకి సాగిపోయారు. ఒక తల మాత్రం అలాగే ఉండిపోయింది. మెడచుట్టూ శాలువా కప్పుకున్న ఒకావిడ, చెంప ఎడమ భుజానికి ఆన్చినట్టుగా, సొరను కళ్లారా చూస్తూ నిలబడింది.

"నాకూ మెడ పట్టేసిందమ్మా," అన్నాడు అధ్యక్షుడు ఇంకా వంగిన తలతోనే. "ఇంత వంకరగా కడితే ఎలా చెప్పండి?"

"నాకైతే తిన్నగానే ఉందండి," అంది ఆవిడ.

కర్టెన్ వెనక వినిపించిన గొంతు. మేడంకి పటాలు గుర్తొచ్చాయి, అద్దం గుర్తొచ్చింది, గడియారం గుర్తొచ్చింది. ముక్కు ముందున్నది కనబడనిది సొరకేననుకున్నాను గదా అని సిగ్గు పడింది.

మాస్టారు పక్కకు వచ్చి నిలబడ్డారు. "నరాల జబ్బండి. తగ్గదన్నారు. వీధిలోకి వెళ్తే చూసేవాళ్ల చూపులు పడలేక ఇంట్లోనే ఉండిపోయింది." సొర వైపు చూసి, "రేపు పొద్దున్నే గొలుసు సరిచేసేస్తానండి," అన్నారు.

"ముట్టుకున్నారంటే ఊరుకోను," అంది మేడం. "అధ్యక్షుల వారి సంగతి నేను చూసుకుంటాను. అది సరే, నా బల్లకింద చెక్క ఎందుకండీ? ఆవిడ నా గదికి ఎప్పుడూ రాలేదుగా."

"ఎప్పుడైనా వస్తుందేమోనని," అన్నారు మాస్టారు.

మేడం వాళ్లిద్దరినీ టీకి తన గదికి తీసుకువెళ్లింది. కప్పులకు చోటు చేద్దామని కాగితాలు జరిపితే పెన్ను ఎప్పటిలాగే దొర్లింది. ఆమె ఎప్పటిలాగే వంగబోయింది. అప్పటికే ఆవిడ చెయ్యి బల్ల అంచున సిద్ధంగా ఉంది.