అమ్మ డిగ్రీ క్లాసులు, ఆదివారం కిచిడి

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలోని మా రెండు గదుల ఇంటికి శనివారం సాయంత్రం చుట్టాలు దిగారంటే, ఆదివారం పొద్దున వంటింట్లోకి వెళ్ళిన అమ్మ మళ్ళీ మూడున్నరకే బయటికి వచ్చేది.

బల్కంపేట ఎల్లమ్మకు మొక్కు ఉన్నవాళ్ళు, పిల్లల్ని కోచింగ్‌లో చేర్చడానికి వచ్చినవాళ్ళు... అందరికీ మా ఇల్లే దగ్గర. పప్పు, రెండు వేపుళ్ళు, కోడికూర, చారు, పెరుగు... ఏది తగ్గినా మాట పడాల్సిందే. అందరూ తిని నడుం వాల్చాక, అమ్మ వంటింటి గడప మీద కూర్చుని, మిగిలిన అన్నంలో ఇంత చారు పోసుకుని తినేది. వారంలో ఆరు రోజులు బేగంపేట ఆఫీసులో టైపు కొట్టే మనిషికి ఆ ఒక్క రోజూ సెలవు దొరికేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ దూరవిద్యలో డిగ్రీకి చేరింది. డిగ్రీ లేనిదే ఆఫీసులో పై పోస్టు రాదు. క్లాసులేమో ఆదివారాలు... పంజగుట్టలో, తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా.

"మరి చుట్టాలొస్తెనో?" అన్నాడు నాన్న.

"రానియ్యుండ్రి. అన్నం పెట్టకుండ పంపుతనా? కానీ క్లాసు మాత్రం ఇడిచిపెట్ట."

ఆ గురువారం పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, పెన్సిల్ నా చేతికిచ్చి రాయమంది. ఒక ఆదివారం కిచిడి, పచ్చిపులుసు. ఇంకో ఆదివారం పులిహోర, పెరుగన్నం. మరో వారం బగారన్నం, కోడిగుడ్ల పులుసు... వండేవి రెండు గిన్నెలకు మించకూడదు. ఎనిమిదిన్నరకల్లా పొయ్యి ఆరిపోవాలి. చల్లారినా రుచి పోని వంటలే ఉండాలి. లెక్కల పరీక్షకు కూర్చున్నట్టు ఒక్కోటీ ఆలోచించి చెప్పింది.

మొదటి ఆదివారమే మా అత్తమ్మ వచ్చింది. నాన్నకు పెద్దక్క... తల్లి లేని నాన్నను చేతుల మీద పెంచిన మనిషి. ఆమె మాట దాటే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

గుడికి బయలుదేరుతూ వంటింట్లోకి తొంగిచూసింది. "ఏం జేస్తున్నవ్ సుజాతా?"

"కిచిడి వదినె. పచ్చిపులుసు పిసుకుతున్న."

"కిచిడా! జెరమొచ్చినోళ్లకు పెడ్తరు గది. ఇంటికొచ్చినోళ్లకు పెడ్తరా?"

అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంక క్లాసుకు వెళ్ళదనుకున్నాను... కానీ అమ్మ కిచిడి గంజుకు మూతపెట్టి, వేడి పోకుండా పాత బొంత చుట్టి గట్టిగా ముడేసింది. నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది.

"ఒకటిన్నరకు వస్త వదినె. ఆకలైతే తినుండ్రి, పిల్ల వడ్డిస్తది."

కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గల్లీ చివర ఆగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెనక్కి మాత్రం తిరగలేదు.

ఒంటిగంటకు నాన్న అప్పడాలు కాల్చాడు... రెండు మాడాయి. నేను పళ్ళాలు పెట్టాను. గుడి నుంచి వచ్చిన అత్తమ్మ "నాకాకలి లేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. అక్క తినకుండా నాన్న ఎలా తింటాడు... పేపర్ పట్టుకుని కూర్చున్నాడు. నా కడుపులో మాత్రం ఎలకలు పరిగెడుతున్నాయి.

అమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చింది. ముడి విప్పని బొంతను చూసింది. కాళ్ళు కడుక్కుని వచ్చి, నాలుగు పళ్ళాల్లో వడ్డించింది. ఇంకా పొగలొస్తున్నాయి... తనూ ఒక పళ్ళెం ముందు కూర్చుంది, అత్తమ్మ మంచం పక్కనే.

"ఇయ్యాల ఇంగ్లీషు సారు నన్ను లేపి చదివిపిచ్చిండు వదినె. అంతమందిల భయమైంది... కానీ చదివిన. రాండ్రి, మస్తు ఆకలైతుంది. మీరు తినకుంటె నేను సుత తిన."

చాలాసేపటికి అత్తమ్మ లేచింది. కింద కూర్చుని తిన్నది. పచ్చిపులుసు రెండోసారి పోసుకుంది. తర్వాత అమ్మ వైపు అదోలా చూసింది.

"ఇన్నేండ్లల్ల... నువ్వు మాతోని కూసోని తినంగ నేను ఎన్నడు సూడలే."

అమ్మ తల వంచుకుంది. అత్తమ్మ గరిటె అందుకుని అమ్మ పళ్ళెంలో ఇంకో రెండు గరిటెలు వేసింది. "తిను. మల్ల సదువుకోవాలె గద."

ఆ తర్వాత మూడేళ్ళు మా ఇంట్లో ఆదివారాలు అలాగే గడిచాయి. ఎవరు ఏమన్నా అమ్మ ఒక్క క్లాసు మానలేదు, ఒక్క చుట్టాన్నీ ఆకలితో పంపలేదు. ఆఖరి పరీక్ష ఆదివారం పడితే, అత్తమ్మ ముందురోజే దిగింది. పొద్దున్నే కొంగు నడుముకు దోపి, "నువ్వు పో. ఇంటి ఫికరు నీకొద్దు" అని అమ్మను బయటికి తోలింది. అమ్మకు పై పోస్టు వచ్చినప్పుడు ఊళ్ళో అందరికీ చెప్పుకున్నదీ ఆమే... "మా మరదలు డిగ్రీ సదివింది" అని.

ఇప్పుడు మాకు నాలుగు గదులున్నాయి. ఫోన్లో వేలితో నొక్కితే అరగంటలో పది రకాలు గుమ్మంలోకి వస్తాయి. చుట్టాలు మాత్రం మెట్రో స్టేషన్ నుంచే ఫోన్ చేస్తున్నారు... "ఇటే వచ్చినం, టైం లేదు, ఇంకోసారి వస్తం" అని. మేమూ సరేనంటున్నాం. గట్టిగా రమ్మని అడగడం ఎప్పుడు మానేశామో గుర్తే లేదు.

నిన్న అత్తమ్మ కూతురికి ఫోన్ చేశాను. శనివారం వచ్చి, ఆదివారం అన్నం తిన్నాకే కదలాలని గట్టిగా చెప్పాను. ఆమె "నిజంగా రమ్మంటున్నవా?" అని అడిగింది.

మీ ఇంట్లో చుట్టాలు చివరిసారి బట్టల సంచీ తెచ్చుకుని దిగింది ఎప్పుడు? ఆ రోజు ఏం వండుకున్నారు... కాస్త గుర్తు చేసుకుని రాయండి.