లైటు వెయ్యగానే మూగబోయిన వైర్‌లెస్ సెట్టు

భావనపాడులో పడవ నడిపే అప్పన్న మావ ఈ ఉదయం నా రిపేరు షాపుకొచ్చి విరుచుకుపడ్డాడు.

"నువ్వు బాగుసేసిన వైర్‌లెస్సులో గురగుర తప్ప మాటొక్కటీ ఇనబడ్నేదురా!"

పడవెక్కి చూశాను. మావ ఈమధ్యే పడవకి పెట్టించిన కొత్త ఎల్‌ఈడీ లైట్లు ఆర్పగానే మాట స్పష్టంగా వినిపించింది. ఒక లైటు విప్పితే, రేడియోని చెడగొట్టే ఆ రొదను ఆపే ఫిల్టర్ ఉండాల్సిన చోటు ఖాళీ! ఆ లైట్లు అమ్మినవాడికి ఫోన్ చేశాను.

"ఎలుగొస్తంది కదా, ఇంకేటి కావాల?" అన్నాడు.

మావ ఫోన్ లాక్కున్నాడు. "తుపాను కబురు ఇనబడకపోతే, నీ ఎలుగులో మా శవాలెతుక్కోవాలేటిరా?"

వాడు ఫోన్ పెట్టేశాడు. మావ లైట్లన్నీ పీకించి పాత బల్బులు పెట్టించాడు. ఆ ఫిల్టర్ ఎగ్గొట్టినవాణ్ణి తుపాను రోజున ఆ లైట్లతోనే సముద్రం మీదకి పంపాలనుంది. ఎవరైనా కాదంటారా?