ఎల్మర్ లెక్కలో అది ఇంకా గెలుపు కాదు

ఎల్మర్ గ్రబోవ్‌స్కీకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పక్కవాడు సంబరపడితే చూడలేడు. అసూయ కాదు పాపం, "అప్పుడే ఏమైందని?" అనే దిగులు. అమెరికాలోని మిల్వాకీ ఊళ్లో దక్షిణ వైపు రెనాటా నడిపే బార్‌లో కూర్చుని, ఊరి బేస్‌బాల్ జట్టు గెలిచినప్పుడల్లా రెండు చేతులూ చాచి అందర్నీ కూర్చోబెట్టడమే ఆయన ఉద్యోగం.

ఆయన పెళ్లిలో ఫాదర్‌గారు "ఇక మీరు భార్యాభర్తలు" అనగానే చుట్టాలు చప్పట్లు కొట్టబోయారట. "ఆగండాగండి, ఇంకా కాపురం చెయ్యాలిగా!" అని పెళ్లికొడుకే ఆపాడట. భార్య లొరెయిన్ ఇది కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది. "నలభై మూడేళ్లయింది. ఒక్క పెళ్లిరోజుకైనా నోరారా శుభాకాంక్షలు చెప్పాడా? అడిగితే సీజన్ అయిపోలేదుగా అంటాడు."

అక్టోబరులో ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం రౌండుకి కొన్ని ఆటల చొప్పున సాగే పోటీలు, మొదలైతే ఇక పట్టపగ్గాలుండవు. ఏ గెలుపుకి ఎంత సంతోషమో ఆయనే ఖరారు చేసేశాడు. తొలి రౌండు గెలిస్తే కూర్చునే కరచాలనం. రెండోది గెలిస్తే లేచి నిలబడి. మూడోదానికి ఒక ఈల, అదీ చిన్నది. ఆఖరిది గెలిస్తే మాత్రం ఎవరి గొంతు వాళ్ల ఇష్టం. ఆ ఆఖరిది జట్టు ఎన్నడూ గెలవలేదు కాబట్టి ఎల్మర్ అరుపు ఎలా ఉంటుందో లొరెయిన్‌కి కూడా తెలియదు.

జట్టు ఓడితే అందరూ ఆయన మీద పడేవారు. "నీదే ఐరన్ లెగ్గు! నువ్వు ఒక్కసారి నవ్వుంటే గెలిచేవాళ్లం!" ఎల్మర్ తలూపి, "అవునర్రా, నావల్లే" అని వేయించిన చేప తెప్పించుకునేవాడు. తిట్టినవాళ్లు మనసు తేలికై ఇళ్లకి పోయేవారు.

ఈ ఏడాది ఒక బుధవారం మధ్యాహ్నం జట్టు తొలి రౌండు గెలిచింది. రిటైరైన బస్సు డ్రైవరు గస్ బల్ల ఎక్కేశాడు.

"దిగరా గస్, ఇది మొదటి మెట్టే" అన్నాడు ఎల్మర్.

"ఏడేళ్లకి ఒక మెట్టెక్కాం! ఎక్కినప్పుడు ఎగరకపోతే ఎప్పుడెగురుతాం, పోయాకా?"

"ఎగిరితే పడతాం. వచ్చి కూర్చో, చేతులు కలుపుకుందాం."

అప్పటికే రెనాటా షాంపేన్ సీసాలు ఆరు తెచ్చి వరసగా పెట్టింది. మొదటి సీసా మూత మీద ఎల్మర్ అరచెయ్యి వేశాడు. "వద్దమ్మా. నువ్వు మాత్రం తెరవకు."

వేసవంతా బేరాల్లేక, పనివాళ్లని పెట్టుకోలేక, ఒక్కతే నడుం విరిగేలా చాకిరీ చేసిన రెనాటాకి ఒళ్లు మండింది. "నీ ఏడుపుగొట్టు మొహం చూడలేక ఛస్తున్నాం బాబాయ్! మా నాన్న స్నేహితుడివని ఊరుకుంటుంటే నెత్తికెక్కావు. లే, బయటికి నడువు!"

ఎల్మర్ కోటు తీసుకుని వెళ్లిపోయాడు. షాంపేన్ పొంగింది. రెనాటా మాత్రం తన గ్లాసు పక్కన పెట్టేసింది.

ఎందుకంటే ఆ బార్‌లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఆమెకి తెలుసు. ఇరవై రెండేళ్ల కిందట, ఇలాగే తొలి రౌండు గెలిచిన మర్నాడు, నాన్న ఆట చూడ్డానికి వేసుకునే మురికి జెర్సీని ఆమె ముచ్చటపడి ఉతికి ఆరేసింది. గెలుస్తున్నన్నాళ్లూ జెర్సీకి నీళ్లు తగలకూడదన్న కట్టుబాటు అమ్మాయికి తట్టలేదు. జట్టు వరసగా మూడు ఆటలు ఓడింది. "ఎవరు ఉతికారు?" అని నాన్న శివాలెత్తితే ఆమె నోరు పెగల్లేదు. ఎల్మర్ లేచి, "నేనే. ఆవపచ్చడి ఒలికింది, కడిగేశాను" అన్నాడు. నాన్న చివరిదాకా అదే నిజమనుకుని కన్నుమూశాడు. ఇన్నేళ్లూ ఐరన్ లెగ్గు పేరు ఆ మనిషి మోస్తుంటే తను బీరు పోస్తూ నవ్వుతూ నిలబడింది. తలుచుకుంటే సిగ్గేసింది.

శనివారం రెండో రౌండు మొదలవుతుందనగా ఆమె ఎల్మర్ ఇంటి తలుపు తట్టింది.

"బాబాయ్, తప్పయిపోయింది. రా."

"నీ మీద కోపమేం లేదే పిచ్చిదానా. సీసా నువ్వు తెరిస్తే, రేపు ఓడాక వాళ్లు వచ్చే పదేళ్లూ నిన్నే అంటారు. నన్నంటే నాకేం? అలవాటైపోయింది. అందుకే ఎవరు సంబరపడబోయినా అడ్డం పడతాను."

రెనాటా చెయ్యి పట్టుకుని ఆయన్ని బార్‌కి లాక్కొచ్చింది. టీవీ కట్టేసి అందరిముందూ చెప్పేసింది. "ఆ ఏడు నాన్న జెర్సీ ఉతికింది నేను. ఎల్మర్ బాబాయ్ కాదు."

గస్ నోరు తెరిచాడు. "అంటే ఇరవై రెండేళ్లుగా నా తిట్లన్నీ తప్పు మనిషికి పోయాయా?"

"ఎందుకు చెప్పావే? ఇన్నేళ్ల కష్టమంతా పాడు చేశావు!" అని ఎల్మర్ తల పట్టుకున్నాడు.

మళ్లీ టీవీలో ఆట పెట్టారు. జట్టు చిత్తుగా ఓడింది. ఒక్కొక్కరి చూపూ మెల్లగా రెనాటా మీదికి, ఆమె వెనకున్న ఖాళీ షాంపేన్ సీసాల మీదికి మళ్లింది. ఆమె తల దించుకుంది.

ఎల్మర్ గొంతు సవరించుకుని లేచాడు. "తప్పు నాదేనర్రా. ఇవాళ పొద్దున్న నా టోపీ ఉతికేశాను."

"అబద్ధం!" అంది రెనాటా. ఈసారి నోరు పెగిలింది. "ఆ టోపీ కంపు ఇక్కడిదాకా కొడుతోంది!"

గస్ వంగి టోపీని వాసన చూసి, ముక్కు మూసుకుని, సాక్ష్యం చెబుతున్నట్టు చెయ్యి పైకెత్తాడు. ఓడిపోయిన రోజున ఆ బార్ అంతలా నవ్వడం అదే మొదలు. ఎల్మర్ రెండు చేతులూ చాచి అందర్నీ కూర్చోమన్నాడు. ఎవ్వరూ వినలేదు.