మ్యాటు కింద మూసిన తూట్లు

మా జీపులో కాలు పెట్టిన ప్రతిసారీ వాసనకు ఊపిరి బిగపట్టేదాన్ని. ఇదేదో సుకుమారంతో చెబుతున్న మాట కాదు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గాల ఇంట్లోనే కాపురం చేస్తున్నదాన్ని. గంజి పులిసిన వాసన, రంగునీళ్ళ వాసన, పట్టు ఉడికే వాసన, అన్నీ చిన్నప్పటి నుంచీ తెలిసినవే. పట్టు ఉడికే వాసన భరించిన ముక్కుకు ఇంకే వాసనా లెక్క కాదని మా అత్త అంటుంది. ఆ జీపు వాసన మాత్రం నా వల్ల కాలేదు. థూ, ఇప్పుడు రాస్తుంటే కూడా చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబుద్ధి అవుతోంది.

ఆ జీపు మా ఆయన మోజు. మాకు ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, వాటి మీద షావుకారుకు కూలికి నేస్తాం. చుట్టుపక్కల నేతగాళ్ళ దగ్గర చీరలు తీసుకుని లేపాక్షి, చిలమత్తూరు, కొత్తచెరువు వైపు పల్లెల్లో పెళ్ళిళ్ళ ఇళ్ళకు మోసుకెళ్ళి అమ్ముతాం. అక్కడి దారులను దారులనకూడదు. రాళ్ళు, గుంతలు, ఎండిపోయిన వంకలు. మోటార్ సైకిల్ మీద మూట పెట్టుకుని తిరిగి తిరిగి నడుము పడిపోయిందని, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన జీపు కొనుక్కొచ్చాడు. కొండలూ బురదా ఎక్కే రకం. లోపల తివాచీ గివాచీ ఏమీ లేదు, ఉత్త రేకు. కాళ్ళు పెట్టుకునే చోటల్లా ఆ రేకులో ఒక తూటు, దానికొక రబ్బరు బిరడా. అట్లాంటివి నాలుగు.

"లోపలికి పైపుతో నీళ్ళు కొట్టి కడగొచ్చంట. బిరడా పీకితే బురదంతా కిందికి పోతాదంట," అన్నాడు మా ఆయన మురిసిపోతూ.

మా అత్త వాకిట్లోనే నిలబడి విన్నది. "మనుషులమే చెంబుడు లెక్కన పోసుకుంటాండాము. ఈ దున్నపోతుకి పైపుతో పోస్తావా నాయనా?" అని లోపలికి పోయింది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా వీధి కొళాయి ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. వచ్చిన రోజు ఇంట్లో ఉన్న బిందెలు, డ్రమ్ములు, చివరికి గిన్నెలు కూడా నింపి పెట్టుకుంటాం. అట్లాంటి ఇంట్లో బండి మీద నీళ్ళు పోయడమనే మాట వినడానికే పాపంగా ఉండేది. తడిగుడ్డతో తుడిస్తే చాలనుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇళ్ళలో మగ్గం ఉన్న గదిలోకి చెప్పులతో పోము. చీర ఉన్న చోట చెప్పు ఉండకూడదు. ఆ పద్ధతి జీపులోకీ వచ్చేసింది. మూట బండిలో ఉందంటే చెప్పులు విప్పి, సంచిలో వేసి, వెనక కొక్కేనికి తగిలించి, ఒట్టి కాళ్ళతో ఎక్కి కూర్చుంటాం. మా ఆయన నడిపేది కూడా ఒట్టి కాళ్ళతోనే. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. కానీ ఎండాకాలంలో ఆ రేకు మీద పాదం పెడితే దోసె పెనం మీద పెట్టినట్టే ఉండేది. అందుకే మ్యాట్లు కొనాల్సి వచ్చింది.

ఇద్దరమూ అనంతపురంలో కార్ల సామాన్ల అంగడికి పోయాం. అంగడాయన మా ముందు మూడు రకాలు పరిచాడు. ఒకటి నల్ల రబ్బరుది, పళ్ళెంలా అంచులు లేచి ఉంది, మధ్యలో తూటు, దానికొక మూత. రెండోది పాత బస్సుల్లో వేసే గీతల రబ్బరు. మూడోది మాత్రం, అబ్బ, ఎంత మెత్తగా ఉందో! గళ్ళు గళ్ళుగా దారంతో కుట్టిన తోలులాంటి గుడ్డ, దాని లోపల స్పాంజి, పైన పరుచుకునే ప్లాస్టిక్ గడ్డి. సెవెన్ డీ మ్యాటన్నాడు. ఆ ఏడు డీలు ఏమిటని అడిగితే ఆయనకూ తెలియదు.

"అన్నా, నీ బండికి ఇదే సరి," అని నల్లదాన్ని ముందుకు తోశాడు అంగడాయన. "దీని తూటు బండి తూటు మీద సరిగ్గా కూర్చుంటాది. ఎండకైనా వానకైనా ఇదే. ఏం పడినా కిందికి పోతాది. ఆ మెత్తది ఇంటి కార్లకు."

మా ఆయన నల్లదాన్ని చేత్తో తడిమి చూసి, "ఇదే తీసుకుందామే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "బర్రెల కొట్టంలో పరిచేదాని మాదిరుండాది ఇది. పెండ్లిచీరలు పోయే బండి అది. ఒట్టి కాళ్ళు పెట్టి కూర్చునేది నేను. ఆ మెత్తదే వేయప్పా."

"అక్కా, అది తడిస్తే ఆరదు. బండి తూట్లు కూడా దాని కిందికి పోతాయి."

"తడిసేదానికి వాన యాడుందప్పా ఈడ? ఆ తూట్లలోంచి వచ్చేది ఎర్రదుమ్మే. బిరడాలు వదులై దుమ్మంతా చీరల మీద కూర్చుంటాంది. పనిలో పని, వాటిని కూడా గట్టిగా మూసేయ్."

అంగడాయన మా ఆయన మొహం చూశాడు. మా ఆయన నా మొహం చూసి, మెత్తదానికే తల ఊపాడు. నాలుగు బిరడాల మీదా మైనంలాంటి నల్లటి మందు పిసికి మూసేసి, దాని మీద నేను ఎంచిన మ్యాట్లు పరిచి బిగించారు. పాదం పెడితే ఎంత సుఖమో! ఇంటికి వచ్చేదాకా నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఆయనకు మొహమాటం జబ్బు. కొత్తచెరువు దగ్గర గొర్రెలు మేపే సావాసగాడొకడు ఉన్నాడు ఆయనకు. నేను ఇంట్లో లేని ఒక రోజు ఆ సావాసగాడి గొర్రెలు రెండింటికి పారుడు రోగం పట్టి విరేచనాలవుతుంటే, వాటిని మా జీపులో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నడవలేని జీవాలు, పాపమే, కాదనను. కానీ పెళ్ళిచీరలు పోయే బండిలోనా? వెనక టార్పాలిన్ పరిచానంటాడు. టార్పాలిన్ మీద పడింది అక్కడే నిలబడుతుందా? దారి పొడవునా గుంతలకు జారి జారి ముందుకు వచ్చి మ్యాట్ల కిందికి చేరింది. ఆయన పైపైన తడిగుడ్డతో తుడిచి, రెండు అగరొత్తులు వెలిగించి, పని అయిపోయిందనుకున్నాడు.

మర్నాడు మూట పెట్టుకుని, చెప్పులు విప్పి ఎక్కాను. పాదం ఆనించగానే ఆ మెత్తటి మ్యాటులోంచి చెమ్మ ఉబికి వేళ్ళ సందుల్లోకి వచ్చింది. జిగటగా, గోరువెచ్చగా. ఛీ ఛీ ఛీ! బయటికి దూకేశాను. ఆ రోజు పాదాలు ఎన్నిసార్లు రుద్దుకున్నానో నాకే తెలియదు.

అప్పటి నుంచీ మొదలైంది మా ఇంట్లో రోజూ రామాయణం. కర్పూరం పెట్టాను, నిమ్మచెక్కలు పెట్టాను, అంగట్లో అమ్మే సెంటు డబ్బా తెచ్చి తగిలించాను. సెంటూ గొర్రె కంపూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టింది, అది ఇంకా ఘోరం. మ్యాటు కింద ఏముందో ఎత్తి చూడడానికి నాకు అసహ్యం. మా ఆయన ఎత్తుతానంటే నేనే ఎత్తనివ్వలేదు.

"రెండు బిందెలు ఇయ్యి, పీకి కడిగేస్తా," అనేవాడు.

"తాగే నీళ్ళు గొర్రె పారుడుకు పోయాల్నా? ఎక్కించిన మొగోడివి నువ్వే, ముక్కు మూసుకుని కూర్చో," అనేదాన్ని. బండి ఎక్కితే తిట్టు, దిగితే తిట్టు. మా అత్త ముందూ, మగ్గం దగ్గరా, బంధువుల ఇళ్ళల్లో కూడా ఆ గొర్రెల సంగతి ఎత్తి ఆయన పరువు తీశాను. అన్నీ పడేవాడు.

ఇంతలో చిలమత్తూరు అవతల ఒక పల్లెలో పెళ్ళిచీర కుదిరింది. అంతవరకూ మా మగ్గం మీద దిగిన చీరలన్నీ షావుకారువే. పట్టు ఆయనది, జరీ ఆయనది, రంగు ఆయన చెప్పిందే. ఇది మాత్రం మేమే పట్టు తెచ్చి, అంచు మా ఆయన తన మనసుకు నచ్చినట్టు గీసుకుని నేసిన మొదటి పెళ్ళిచీర. అరిటాకు పచ్చ ఒళ్ళు, కుంకుమ రంగు అంచు. నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని మరీ కూర్చుని నేశాడు. ఆ ఇంట్లో నచ్చితే ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు మావవుతాయి, షావుకారు గడప తొక్కే పని ఉండదు. నచ్చకపోతే మళ్ళీ ఆ గడపే. ఇది ఇద్దరికీ తెలుసు.

చీరను తెల్లగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని బయలుదేరాను. హిందూపురం దాటామో లేదో, ఎక్కడ దాక్కుని ఉందో వాన, ఒక్కసారిగా కుండపోతగా పడింది. పై గుడ్డ కప్పు కారింది. అద్దాల సందుల్లోంచి జల్లు కొట్టింది. నీళ్ళన్నీ నా కాళ్ళ దగ్గరే నిలిచాయి. మెత్తటి మ్యాట్లు ఉబ్బి, ఎన్నాళ్ళ నుంచో కింద మగ్గిందంతా పైకి తేలింది. కాళ్ళు సీటు మీదికి మడుచుకుని, మూటను గుండెకు హత్తుకుని కూర్చున్నాను. చీర మీద చుక్క పడనివ్వలేదు. ఆ వెంటనే ఎండ కాసింది. మళ్ళీ జల్లు కొడితే చీర తడుస్తుందని అద్దాలు తీయని జీపులో కిందినుంచి ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఊరు చేరేదాకా మగ్గిపోయాం, నేనూ, ఆయనా, చీరా.

ఆ ఇంట్లో ఆడవాళ్ళంతా చాప చుట్టూ చేరారు. మా ఆయన బయట బండి దగ్గరే ఉన్నాడు. చీర విప్పగానే అందరి కళ్ళూ విప్పారాయి. పెళ్ళికూతురి తల్లి అంచు చూసి, కొంగు చూసి, తర్వాత మడత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. మా వైపు పట్టును అట్లాగే చూస్తారు, కొత్త పట్టుకు ఒక వాసన ఉంటుంది. ఆమె మొహం చిట్లించింది.

"చీర బాగుండాది తల్లీ. అంచు కూడా బాగుండాది. ఈ కంపేంది? గొర్రెల దొడ్డిలో ఆరేసినారా?"

పెళ్ళికూతురు కొంగు పట్టుకున్నదల్లా వదిలేసి చేతిని ఓణీకి తుడుచుకుంది. అట్లా తుడుచుకోవడం చూశాక నాకు తల తీసేసినట్టయింది.

"వానకు... బండిలో..." అని ఏదో అనబోయాను.

"తాళి కట్టించుకునే పొద్దు ఈ కంపుతో కూర్చోవాల్నా మా పాప? తీసుకుపోమ్మా. మేము హిందూపురంలో చూసుకుంటాము."

మూట పట్టుకుని బయటికి వచ్చాను. నా చేతిలో మూట చూడగానే మా ఆయన మొహంలో రక్తం లేదు. అయినా నా నోరు ఊరుకుందా? వీధిలో నలుగురూ చూస్తుండగానే విరుచుకుపడ్డాను. నీ గొర్రెలు, నీ సావాసగాడు, నీ మొహమాటం మన మగ్గాన్ని ముంచేశాయని గుక్క తిప్పుకోకుండా అరిచాను.

ఆయన వంగి, నా వైపు మ్యాటును అంచు పట్టుకుని పీకాడు. కింద వేలెడు లోతున నల్లనీళ్ళు. అందులో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఇన్నాళ్ళూ నేను ఒట్టి కాళ్ళు పెట్టింది వాటి మీదే. గోడ వైపు తిరిగి వాంతి చేసుకున్నాను.

"గొర్రెల్ని ఎక్కిచ్చింది నా తప్పే," అన్నాడు, నేను మూతి తుడుచుకున్నాక. "కానీ పోయేదానికి దారి ఉండుంటే ఆ పొద్దే పోయుండేది మే. ఆ దారి నువ్వు మూయిచ్చినావు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిరగబడి ఇంకో నాలుగు అరిచేదాన్ని. ఇన్ని నెలలూ ఆయనకు తెలుసు. అందరి ముందూ నేను తిడుతుంటే ఒక్కరి ముందు కూడా ఆ మాట అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన స్క్రూడ్రైవర్‌తో ఆ మైనాన్ని గీకి గీకి బిరడాలు పీకాడు. నాలుగు తూట్లలోంచీ నల్లగా కారి మట్టిలో పడింది. వీధి గుంతలో నిలిచిన వాననీళ్ళు చెంబుతో తోడి నేనే పోశాను. పెళ్ళివాళ్ళ ఇంటి అరుగు మీది నుంచి ఆడవాళ్ళు ముక్కు మూసుకుని చూస్తూనే ఉన్నారు. మ్యాట్లు తీసుకెళ్ళి ఊరి బయట చెత్తకుప్ప మీద పడేస్తే, ఒక కుక్క వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది.

మళ్ళీ అదే అంగడికి పోయాం. ఈసారి నేనే నల్ల రబ్బరుది చూపించాను. "ఆ మెత్తవి ఎట్లుండాయక్కా?" అని అడిగాడు అంగడాయన. "బాగుండాయప్పా," అన్నాను. మా ఆయన ఆ పక్కకు తిరిగి అద్దాలు చూస్తున్నట్టు నిలబడ్డాడు. కొత్త మ్యాటు తూటు జీపు తూటు మీద సరిగ్గా కూర్చుంది. పాదానికి గరుకే.

చీరను నీడలో దండెం మీద వారాల తరబడి ఆరేశాం. వట్టివేళ్ళు పెట్టాం, సాంబ్రాణి పట్టాం. షావుకారు పట్టు మళ్ళీ మా మగ్గం ఎక్కింది. మా ఆయన మళ్ళీ షావుకారు చెప్పిన అంచే నేస్తున్నాడు.

"ఇంక ఎవురు కొంటారు పాపా దాన్ని? నువ్వే కట్టుకో," అంది మా అత్త ఒక రోజు, మా బంధువుల పెళ్ళికి పోతుంటే.

కట్టుకున్నాను. చెప్పులు విప్పి జీపు ఎక్కాను. మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు వాసన లేదులే," అన్నాడు.

ఉంది. పైట సర్దుకున్నప్పుడల్లా ఉంది. మగ్గాల ఇళ్ళల్లోనే ఇన్నేళ్ళు బతికినా, మా మగ్గం మీద నేసిన పట్టుచీర నా ఒంటి మీదికి రావడం అదే మొదటిసారి. ఇంకెవరూ ముట్టుకోరు కాబట్టి వచ్చింది.