కడిగిన నీళ్లు

టైట్రేషన్ గురించి మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. ప్రయోగానికి ముందూ తర్వాతా గాజు సామాను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలని అన్నిట్లోనూ ఉంది. కడిగిన నీళ్లు ఏం చెయ్యాలో ఒక్కదాంట్లోనూ లేదు. రాసినవాళ్లకు అది చెప్పాల్సిన సంగతిగా తోచి ఉండదు. మా దీవుల్లో అది చెప్పి తీరాలి. నాలాగా ఒంటరిగా చదువుకుని ల్యాబులో అడుగుపెట్టే పిల్ల మళ్లీ నా తప్పు చెయ్యకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

మాది బాంబూఫ్లాట్. నాన్న చేపల వేటకు వెళ్తాడు. టెన్త్ అయ్యాక అమ్మకు జబ్బు చేసి బడి మానేశాను. తర్వాత ఇంటి దగ్గరే చదివి, ప్రైవేటుగా ట్వెల్త్ పాసయ్యాను. చదివింది లైబ్రరీలోనే. తెలుగు రాయడం కూడా అక్కడి తెలుగు అల్మారా ముందు కూర్చునే నేర్చుకున్నాను. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లేగానీ రాసేవాళ్లు తక్కువ. దీన్ని గొప్పగానే చెప్పుకుంటాను.

కాలేజీవాళ్లు నాకు కెమిస్ట్రీ సీటు ఇచ్చారు, కానీ షరతు పెట్టారు. డిగ్రీలో చేరబోయేవాళ్లకు వేసవిలో నడిపే సైన్సు క్లాసులకు రావాలి, చివర్న ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. మిగతావాళ్లంతా స్కూల్లో ల్యాబు చూసినవాళ్లే. వాళ్లకు హాజరు చాలు. నాకు మాత్రం పరీక్ష తప్పితే సీటు పోతుంది.

రోజూ ఫెర్రీలో చాతం రేవుకు దాటి, అక్కడ బస్సెక్కి వెళ్లేదాన్ని. మేడమ్ అడిగిన ప్రశ్నకల్లా ముందు నేనే జవాబు చెప్పేదాన్ని. మిగతావాళ్లకంటే రెండేళ్లు పెద్దదాన్ని కాబట్టి నా బెంచీ పిల్ల నాకు "లైబ్రరీ దీదీ" అని పేరు పెట్టింది.

ఇక మా ఇంటి పద్ధతి చెప్పాలి. ఎండాకాలం మా వీధికి కుళాయి ఎప్పుడో గానీ రాదు. బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు కడుగుతాం, అవే నీళ్లతో గిన్నెలు తొలుస్తాం, ఆ మురికి నీళ్లు మొక్కకు పోస్తాం. ఒకసారి వాడిన నీళ్లను పారబోస్తే అమ్మ ఊరుకోదు. వాటిని రెండో నీళ్లు అంటాం.

చివరి వారంలో ల్యాబు మొదలైంది, తొలి రోజు బ్యూరెట్ ఇచ్చారు. గీతలున్న పొడవాటి గాజు గొట్టం అది. దాంట్లోంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి కొలవడమే టైట్రేషన్. క్షారం నింపి వాడాక, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. కిందికి వచ్చిన నీళ్లు అద్దంలా ఉన్నాయి. సింకులో పొయ్యడానికి చెయ్యి రాలేదు. పక్కన ఖాళీ అయిన డిస్టిల్డ్ వాటర్ సీసా ఉంటే అందులో పట్టాను. మర్నాడూ అదే చేశాను. నింపిన సీసాలు బల్ల కింద మిగతా వాటి పక్కనే పెట్టాను.

మూడో రోజు ఎవరి లెక్కా కుదరలేదు. మేడమ్ గ్లాసులో బల్ల కింది సీసాలోని ఉత్త నీళ్లే పోసి, క్షారం తగిలితే రంగు మారే ద్రావణం ఒక చుక్క వేశారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

"ఈ సీసాలు ఎవరు నింపారు?"

అటెండర్ భయ్యా బల్ల కిందికి వంగి చూశాడు. "లెక్క ప్రకారం రెండే మిగలాలి మేడమ్. ఆజ్ చార్ హై."

"నేనే మేడమ్," అన్నాను. "కడిగిన నీళ్లు దాచాను."

"ఎందుకు?"

"రెండోసారి కడగడానికి పనికొస్తాయని."

"లైబ్రరీ దీదీ ట్యాంకర్ పెట్టుకుంది," అంది బెంచీ పిల్ల. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఆవిడా ఇక్కడే పుట్టిన తెలుగింటి మనిషే.

"మా అమ్మా ఇలాగే దాస్తుంది. సరే, మంచి సీసా ఏదో చెప్పు."

చెప్పలేకపోయాను. నాలుగూ ఒకేలా ఉన్నాయి, పైగా పొద్దున అందరం వాటిని ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వంపుకున్నాం. భయ్యా నా వైపు చూడకుండా నాలుగింటినీ సింకులో గుమ్మరించాడు. ఆ వారం మా వీధికి చుక్క నీరు రాలేదు. ఆ చప్పుడు వినలేక కిటికీ వైపు తిరిగాను.

డిస్టిల్డ్ వాటర్ కొత్త స్టాకు చెన్నై షిప్‌లో రావాలి. సముద్రం బాగోక షిప్ బయల్దేరలేదు. పరీక్ష ఎల్లుండి. "ప్రయోగం చేస్తుంటే నీ చెయ్యి చూడకుండా పాస్ చెయ్యలేను," అన్నారు మేడమ్.

ఇంటికొచ్చి చెప్తే అమ్మకు అర్థం కాలేదు. "నీళ్లు దాసినందుకు తిట్టినారేటే?"

"తిట్టలేదమ్మా."

"మరి ఏడుపెందుకు?"

మర్నాడు బెంచీ పిల్ల సంచీలోంచి రెండు సీసాలు తీసింది. వాళ్ల నాన్నకు హాడోలో స్కూటర్ రిపేరు షాపుంది. బ్యాటరీల్లో పోసేదీ డిస్టిల్డ్ వాటరే.

"బ్యాటరీ వాటర్, దీదీ. మా పప్పా ఇచ్చాడు. ఇది కూడా దాచుకోకు."

మేడమ్ పరీక్షించి చూశారు. రంగు మారలేదు.

పరీక్ష రోజు బ్యూరెట్ కడిగి, నీళ్లు బీకరులో పట్టాను. సింకు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అవి ఆ పిల్ల బస్సులో మోసుకొచ్చిన నీళ్లు.

"వదిలెయ్యమ్మా," అన్నారు మేడమ్.

పారబోశాను. మొదటి రీడింగు తేడా వచ్చింది, తర్వాతి రెండూ కలిశాయి. మేడమ్ పాస్ రాశారు. రాసి, పెన్ను పక్కన పెట్టి అన్నారు: "నీకు చాలా తెలుసు. ఏది తెలియదో మాత్రం నువ్వు తప్పు చేసేదాకా నాకూ తెలియదు, నీకూ తెలియదు. ల్యాబులో నాకు కనపడేచోట నిలబడు."

సీటు నిలిచింది. అయినా ఫెర్రీలో కూర్చుంటే ఆ మాటే గుర్తొస్తోంది. పుస్తకాల్లో రాయనివి, అందరికీ తెలుసనుకుని వదిలేసినవి ఇంకెన్ని ఉన్నాయో. అవి ఏ అల్మారాలో వెతకాలో నాకు తెలియదు.

తమ పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి వరసలతోనే చెప్తున్నాను. గడువు దాటినా పుస్తకాలు ఉంచుకోనిచ్చిన లైబ్రరీ ఆంటీకి, పాస్ రాసేముందు నా చెయ్యి చూసిన మేడమ్‌కి, గుమ్మరించేటప్పుడు నా వైపు చూడకుండా ఉన్న భయ్యాకి, ఇప్పటికీ ఆ నీళ్లు ఎందుకు పారబోశానో ఒప్పుకోని అమ్మకి, షాపు సీసాలు ఇచ్చిన అంకుల్‌కి కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువ మా బెంచీ పిల్లకి. నా నీళ్లతో పాడైన రీడింగులన్నీ తను మళ్లీ చేసుకుంది. నా పరీక్ష అయ్యాక, మిగిలిన నీళ్లతో.