దవడతో శ్రుతి చూసిన మాస్టర్

మా గిటార్ మాస్టర్ పోయారు. భివండీ పక్కన పూర్ణలో నేను పనిచేసే గోదాంలో మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుంటే ఫోన్‌లో ఆ కబురు కనబడింది. "మన మాస్టర్ గారు ప్రభువునందు నిద్రించారు" అని చర్చి గ్రూపులో ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. అందరితోపాటు నేనూ ఒక బొమ్మ పెట్టేశాను. పెట్టిన మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన పదేళ్ళు కష్టపడి దారికి తెచ్చిన వేళ్ళు ఇవి. ఆయన పోతే ఇవి చేసిన పని అదీ.

ఆయన గురించి మంచిమాటలు సమాధుల తోటలో అందరూ చెప్పారు. నేను నోరు విప్పలేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ముంబై దగ్గరి భివండీలో, కనేరి గల్లీల్లో, ముప్పై ఏళ్ళకు పైగా జాబర్‌గా పనిచేశారు. పవర్‌లూమ్‌ను మా తెలంగాణ వాళ్ళు సాంచ అంటారు. అది మొరాయిస్తే దారికి తెచ్చేవాడు జాబర్. కరీంనగర్ వైపు నుంచి పెళ్ళి కాకముందే వచ్చి, ఇక్కడే ఒక ఒంటిగది ఖోలీలో కాపురం పెట్టి, ఇక్కడే ముసలివారయ్యారు. పిల్లలు లేరు. సాంచాలకు సెలవు శుక్రవారం, మా ఆరాధన ఆదివారం. అందుకని ఆయన ఎవరినో ఒకరిని బతిమాలి వారం వారం పాళీ, అంటే షిఫ్టు, మార్చుకునేవారు. బదులుగా పండగ రోజుల్లో వాళ్ళ పాళీ ఈయన చేసేవారు. ఆ బేరంలో ఎప్పుడూ నష్టపోయేది ఈయనే. అయినా ఒక్క ఆదివారం కూడా నాగా, సాంచ భాషలో ఖాడా, పడినట్టు నాకు గుర్తు లేదు.

చర్చి వెనక గదిలో నాకు పన్నెండేళ్ళప్పుడు నేర్పడం మొదలుపెట్టారు. అంతా సాంచ భాషలోనే నేర్పేవారు. గిటార్ తీగ తెగితే నేను బిక్కమొహం వేసేదాన్ని. "పోగు తెగితే సాంచ అమ్ముకుంటమా ఏంది? ముడేస్తం," అనేవారు. నిజంగానే నేతగాళ్ళ ముడి వేసి ఆ తీగతో ఇంకో నెల గడిపించేవారు. తాళం విషయంలో మాత్రం ఆయనతో వేగడం కష్టం. కాలితో నేల మీద కొట్టుకుంటూ మెల్లగా మొదలుపెట్టిన పాట రెండో చరణానికి సాంచ వేగం అందుకునేది. పశ్చాత్తాపపు పాట కూడా పాళీ అయిపోతుందన్నట్టు పరుగెత్తేది. వెనక బెంచీల ముసలమ్మలు ఊపిరాడక, "జర ఆగు మాస్టరూ, దేవుడు ఎటు పోతలేడు!" అని కేకలేసేవారు. ఆయన నవ్వి, తల ఊపి, అదే వేగంతో వాయించేవారు.

శ్రుతి చేసేటప్పుడు చూడాలి ఆయన్ని. కళ్ళు మూసుకుని, గిటార్ పైఅంచుకు దవడ ఆనించి, ఒక్కో తీగ మీటేవారు. మర మెల్లగా తిప్పేవారు. మళ్ళీ మీటేవారు. "చెవి అబద్ధం చెప్తది బిడ్డా, బొక్క చెప్పది," అనేవారు. బొక్క అంటే మా వైపు ఎముక. మేము పదకొండు మంది శిష్యులం. అందరం అలాగే నేర్చుకున్నాం. పండగ ముందు అభ్యాసానికి కూర్చుంటే పదకొండు మందిమీ గిటార్లకు దవడలు ఆనించి కళ్ళు మూసుకునేవాళ్ళం. కొత్తగా వచ్చినవాడు దవడ ఆనించకపోతే మేమే కసిరేవాళ్ళం. లోకంలో గిటార్ పట్టుకున్న ప్రతివాడూ ఇలాగే శ్రుతి చేస్తాడని అనుకున్నాం. అంతకన్నా అమాయకపు మంద భివండీలో ఉండదేమో.

మూడేళ్ళ కిందట ఠాణేలో ఒక సంగీత వాద్యాల దుకాణంలో క్లినిక్ పెట్టారు. పేరున్న విద్వాంసుడు వచ్చి, ఒక పూట కూర్చుని, వాయించి చూపించి, కిటుకులు చెప్పి, వచ్చినవాళ్ళ సందేహాలు తీర్చడాన్ని క్లినిక్ అంటారు. వస్తున్నది హిందీ సినిమా పాటల్లో దశాబ్దాలుగా గిటార్ వాయిస్తున్న పెద్దాయన. ఆయనంటే మాస్టర్‌కు ప్రాణం. పాత పేపర్లోంచి ఆయన బొమ్మ కత్తిరించి తన గిటార్ గవుసెన లోపల అంటించుకున్నారు. ఆ గవుసెనను ఖార్ఖానాలో మిగిలిన కోరా బట్టతో పెద్దమ్మ, అంటే మాస్టర్ భార్య, కుట్టింది. ఫోన్‌లో నా పేరూ మాస్టర్ పేరూ నేనే రాయించాను. నా ఉద్యోగం మొదలైన కొత్త. ఆయనకు ఏదో ఒకటి చేయాలని ఉబలాటం.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బస్సులో ఆయన చెవి వెనక దూది పీచు కనబడితే తీసేశాను. "ఎంత తానం చేసినా పోదు బిడ్డా అది," అన్నారు.

దుకాణంలో గోడల నిండా గిటార్లు, మధ్యలో నలభై కుర్చీలు. మేము రెండో వరసలో కూర్చున్నాం. పెద్దాయన గంటసేపు వాయించారు. మాస్టర్ రెప్ప వేయకుండా ఆయన వేళ్ళనే చూశారు. చిత్రమేమిటంటే, పాట అయిపోయి జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా మాస్టర్ ఒక క్షణం వెనకబడి కొట్టారు. పక్కవాళ్ళ చేతులు చూసి కొట్టారని ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మైమరచిపోయారనుకున్నాను.

తర్వాత పెద్దాయన ఒక గిటార్ తీసుకుని, ఆరు మరలూ వదులు చేసి, "ఫోన్ లేకుండా, మెషీన్ లేకుండా, దీన్ని ఎవరు శ్రుతి చేస్తారు?" అని హిందీలో అడిగారు. కుర్రాళ్ళంతా నేల చూపులు చూశారు. మరలు తిప్పడం చూసిన మాస్టర్‌కు సంగతి అర్థమైంది. నన్ను మోచేత్తో పొడిచారు. "పో బిడ్డా. పో!"

వెళ్ళాను. దవడ ఆనించాను, కళ్ళు మూసుకున్నాను. ఆరు తీగలూ కుదిరాయి. పెద్దాయన ఒకసారి మీటి చూసి తల ఊపారు. జనం చప్పట్లు కొట్టారు. "యే కిస్‌నే సిఖాయా?" అని అడిగారాయన. ఎవరు నేర్పారీ పద్ధతి అని. నేను గర్వంగా వేలెత్తి రెండో వరస వైపు చూపించాను.

ఆ వేలును తర్వాత నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

పెద్దాయన మళ్ళీ తీగల మీదికి తల వంచి, వాటిని సరిచూసుకుంటూనే, మైకులో మామూలుగా అన్నారు: "వినికిడి పోయినవాళ్ళు ఇలా చేస్తారు. ఎముకతో వింటారు. నీకు చక్కగా వినబడుతోంది కదమ్మా, నీకెందుకిది?" ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన అలా తల వంచుకునే మాస్టర్‌ను ఉద్దేశించి, ఎన్నేళ్ళైంది మీకు వినబడక అని మర్యాదగానే అడిగారు. ఆయన పెదాలు మైకు వెనక ఉన్నాయి. అందరూ తన వైపు తిరగడం చూసి మాస్టర్ లేచి నిలబడ్డారు. సాంచాల మధ్య మాట్లాడే గొంతుతో, దుకాణం అద్దాలు అదిరేలా, "నమస్తే సాబ్! భివండీ సే ఆయా!" అన్నారు, భివండీ నుంచి వచ్చానని.

జనం పగలబడి నవ్వారు. తన మాటకు సంతోషించారనుకుని మాస్టర్ కూడా నవ్వారు. చేతులు జోడించి నాలుగు వైపులా దండం పెట్టారు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. పదేళ్ళుగా మేము విద్య అనుకున్నది ఆయన లోటు అని నాకు అప్పుడు తెలిసింది. జాలి కలగాలి నిజానికి. నాకు ముందు కలిగింది సిగ్గు.

తిరుగు ప్రయాణంలో కాల్హేర్ దగ్గర ట్రక్కులు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. ఆయన నా ముఖంలోకి చూస్తూ, "ఏమన్నడు బిడ్డా ఆయన?" అని అడిగారు.

"మీరు మంచిగ నేర్పిన్రు అన్నడు."

"గంతేనా?"

"గంతే."

ఆయన కిటికీ వైపు తిరిగారు. బస్సు కదలకముందే, మెల్లగా అన్నారు. ఆయన మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. "మొత్తం పోయి ఎనిమిదేండ్లాయె. ముందు ఎడమది పోయింది, ఎన్క కుడిది. సాంచాల కాడ అందరం చెవిటోళ్ళమే, ఆడ ఫికర్ లేదు. చర్చిల మాత్రం ఎవలకు చెప్పకు బిడ్డా. తెలిస్తే కూసోపెడ్తరు. ఆదివారం ఒక్కటే ఉన్నది నాకు."

"చెప్ప మాస్టర్," అన్నాను. పెదాలు సరిగ్గా కనబడేలా ముఖం ఆయన వైపు తిప్పి మరీ అన్నాను.

నాలుగు నెలలు చెప్పలేదు. ఆ తర్వాత చర్చిలో కొత్త సౌండ్ బాక్సులు వచ్చాయి. గిటార్‌కు వైరు తగిలించారు. అంతవరకూ పాడేవాళ్ళ గొంతుల్లో కలిసిపోయిన ఆయన తప్పులు ఇప్పుడు గోడలకు తగిలి వచ్చేవి. పాట ఒక శ్రుతిలో ఉంటే ఆయన ఇంకో శ్రుతిలో ఉండేవారు. పడుచువాళ్ళు ఒకరినొకరు గిచ్చుకుని నవ్వేవారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేను పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "మాస్టర్‌కు చెవులు వినబడవయ్యగారూ, ఎవరైనా డాక్టర్‌కు చూపిస్తే బాగుంటుంది," అన్నాను. మాస్టర్ మంచికే చెబుతున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. డాక్టర్ పేరెత్తింది నా మాటకు మర్యాద తొడగడానికే. ఆ నవ్వులు నా మీద కూడా పడుతున్నాయని, నేనూ ఆయన శిష్యురాలినేనని, భరించలేక చెప్పాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

డాక్టర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రెండు వారాల తర్వాత ఆయనకు శాలువా కప్పారు. ఇన్నేళ్ళ సేవ గురించి పెద్దలు ముగ్గురు మాట్లాడారు. ఇక విశ్రాంతి తీసుకోండి మాస్టర్ అన్నారు. మనుషుల్ని పక్కన పెట్టడానికి మన దగ్గర శాలువాను మించిన పనిముట్టు లేదు. ఆయన ప్రతి ఒక్కరి పెదాలూ చూస్తూ నిలబడ్డారు. చివరికి నా వైపు చూశారు. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుక్కున్నాను.

మరుసటి ఆదివారం కూడా ఆయన వచ్చారు. పాళీ మార్చుకునే వచ్చారు. సౌండ్ బాక్సు పక్కనున్న మూడో బెంచీలో కూర్చుని, అరచేయి బెంచీ చెక్క మీద ఉంచి, పాట అయ్యేదాకా తీయలేదు. రెండేళ్ళకు పైగా అదే చోటు. ఆయన గిటార్ స్థానంలో నేను వాయించాను. ఆరాధన అయ్యాక దూరం నుంచే వందనాలు చెప్పి, వైర్లు చుట్టే పని ఉన్నట్టు తల వంచుకునేదాన్ని. ఆయన కాసేపు గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళిపోయేవారు. ఆ మధ్య దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువైంది, మెట్ల మీద ఆగి ఆగి వస్తున్నారని విన్నాను. ఒకసారి చూసి రావాలి అనుకున్నాను. అనుకోవడానికి ఏం, ఎన్నిసార్లైనా అనుకోవచ్చు.

సమాధి అయిన మూడో రోజు, అన్నం డబ్బా పట్టుకుని కనేరిలో వాళ్ళ ఖోలీకి వెళ్ళాను. పెద్దమ్మ ఒక్కతే ఉంది. మాస్టర్ ఇనుప మంచం మీద పరుపు తీసేశారు. పరిచిన చాపల వాసన, ఫినాయిల్ వాసన. కింద కూర్చున్నాను. డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకుని, ఆమె ముఖం చూడకుండా అన్నాను.

"పెద్దమ్మా, పాస్టర్ అయ్యగారికి చెప్పింది నేనే."

"ఎర్కే బిడ్డా!" అంది పెద్దమ్మ. ఆ గొంతుకు నేను ఉలిక్కిపడ్డాను. పక్క ఖోలీలో గిన్నెల చప్పుడు ఆగింది. "ఆయనకు ఆ దినమే ఎర్కైంది! నువ్వు దప్ప ఎవలకు తెల్వదాయె!"

"మరి నన్నొక్క మాట అనలేదు."

"ఏమంటడు? చెవులు పోయినయి, పోయినయని చెప్పినవ్! నీ మీద కోపం రాలే ఆయనకు!" ఆమె కోపంగా లేదు. కళ్ళు తుడుచుకుంటూనే అరుస్తోంది. "ఆదివారం ఇంటికొచ్చి ఒక్కటే అనేటోడు! 'ఇయ్యాల గూడ పిల్ల నా పక్కపొంటి కూసోలే' అని! చెప్పులు ఇడువకముందే అనేటోడు! గా మాట ఒక్కటే!"

గల్లీలో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగి చూశారు. నా తప్పు అంత గట్టిగా గల్లీకంతా వినబడుతుంటే తల ఎత్తలేకపోయాను. ఆమె చేయి పట్టుకుని, "మెల్లగ చెప్పు పెద్దమ్మా, నాకు వినబడతది," అన్నాను.

ఆమె నా వైపు చూసింది, నా చెవుల వైపు చూసింది. గుమ్మంలో వాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి స్టవ్ వెలిగించింది. గిన్నెలో నీళ్ళు పోసి, వెనక్కి తిరిగి, పెదాలు బాగా కదిలేలా ముఖాన్ని ఆ ఉత్త మంచానికి ఎదురుగా పెట్టి, అదే గొంతుతో అడిగింది.

"చాయ్‌ల చక్కెర ఎయ్యాల్నా?"