లొకేషన్లు పంపు బావా

ఆ రోజుల్లో ‘లొకేషన్’ అనే మాటకు మాకు ఒకటే అర్థం. ఫోన్‌లో మ్యాపు మీద పడే ఎర్ర చుక్క. ఒమన్‌లో బండి నడిపి బతికేవాడికి ఆ చుక్కే దారి, ఆ చుక్కే దిక్కు. ఇళ్ళకు నంబర్లు ఉంటాయి గానీ అవి ఆ ఇంట్లోవాళ్ళకే గుర్తుండవు. సిమెంటు కావాలన్నా, నీళ్ళ ట్యాంకు కావాలన్నా ఫోన్ చేసినవాళ్ళతో మేం అనే మొదటి మాట ‘లొకేషన్ భేజో’, అంటే పంపమని. అరబ్బీ రాకపోయినా, హిందీ అంతంతమాత్రంగా వచ్చినా, ఈ ఒక్క మాట వస్తే మేముండే సమాయిల్‌లో డ్రైవరుగా నెగ్గుకు రావచ్చు (నేను అట్లాగే నెగ్గుకొచ్చాను, మిగతా భాషలు వాటంతట అవే నిదానంగా వచ్చాయి). అందుకే ఇప్పుడు సినిమావాళ్ళు ఎవరైనా టీవీలో కూర్చుని ‘లొకేషన్లు అద్భుతంగా కుదిరాయండీ’ అంటుంటే ఇంట్లో నేనొక్కణ్ణే నవ్వుతాను. మిగతావాళ్ళు నావైపు అదోలా చూస్తారు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది నిండలేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, సమాయిల్‌లో ఇళ్ళు కట్టే సామాన్ల షాపులో పికప్ నడిపేవాణ్ణి. మా ఆవిడ తమ్ముడు హైదరాబాదులో సినిమా షూటింగులకు లైట్లు మోసే పనిలో ఉండేవాడు. ఒకరోజు వాడు ఫోన్ చేసి, ‘బావా, మా సినిమా షూటింగు ఒమన్ల జేస్తరట. మా సారుకు చెప్పిన, మా బావకు ఒమనంత ఎరికే అని. మంచి మంచి లొకేషన్లు పంపు బావా’ అన్నాడు. ‘ఎన్ని గావాలె?’ అన్నాను. ‘ఎన్నుంటే గన్ని’ అన్నాడు. ఇంత చిన్న కోరికకు వాడు అంత బతిమాలడం ఎందుకో నాకు అర్థం కాలేదు. సినిమావాళ్ళు వస్తున్నారంటే సెట్టింగుల సామాను దించుకోవాలి కాబోలు అనుకున్నాను. నా ఫోన్‌లో లొకేషన్లకు కొదవేముంది? భోజనం మానేసి కూర్చుని ఒక్కొక్కటే పంపాను. ఊరికే చుక్కలు పంపితే మన గొప్పేముందని, ప్రతిదాని కింద అనుభవంతో నాలుగు ముక్కలు కూడా రాశాను. ‘ఎనుక గేటు నుంచి పోవాలె, ముందట కుక్క ఉంటది.’ ‘పెద్ద బండి తిరుగుతది.’ ‘నీడ లేదు, నీళ్ళు తెచ్చుకోవాలె.’ ‘పొద్దుగాల ఎండ ముఖం మీద కొడ్తది.’

ఆ నాలుగు ముక్కలే కొంప ముంచాయి. అవతల ఆ లొకేషన్లు అందుకున్న మా బామ్మర్ది వాళ్ళ సారు (మేం ఆయన్ను ‘లొకేషన్ సారు’ అనేవాళ్ళం) అవి చదివి మురిసిపోయాడట. నీడ గురించి, ఎండ పడే తీరు గురించి, యూనిట్ బండ్లు తిరిగే జాగా గురించి ఇంత వివరంగా ఆలోచించేవాడు ఫీల్డులోనే లేడని మా బామ్మర్దితో అన్నాడట. మ్యాపు తెరిచి చూడను కూడా చూడకుండా డైరెక్టరు గారి దగ్గరికి పోయి, ‘ఒమన్‌లో మన మనిషి ఉన్నాడు సర్, లొకేషన్లన్నీ రెడీ’ అని చెప్పేసి, విమానం ఎక్కి వచ్చాడు.

శుక్రవారం నాకు సెలవు. బండి కోసం మా అర్బాబును, అంటే షాపు యజమానిని, అడిగితే, ‘తీసుకుపో, కానీ సినిమాలో నా పికప్ కనబడాలి’ అని షరతు పెట్టాడు. మాతోపాటు మా మెస్సులో వండే కడప భాయ్ కూడా బయల్దేరాడు. నాకన్నా చాలా ముందు ఒమన్ వచ్చినవాడు, సినిమా అంటే ప్రాణం. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, బిర్యానీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో హీరో తండ్రిలా కూర్చున్నాడు. లొకేషన్ సారు నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, బక్కమనిషి, మెడలో కెమెరా. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ‘బ్రదర్, మీ నోట్స్ చదివాను. మీలో ఒక కన్ను ఉంది’ అన్నాడు. నాకు రెండు ఉన్నాయని చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను.

మొదటి లొకేషన్ సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ వెనక గేటు. సారు దిగి, రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి అటు చూశాడు, ఇటు చూశాడు. వంగి చూశాడు. చివరికి ‘బ్రదర్, ఇక్కడ స్పెషల్ ఏంటి?’ అన్నాడు. ‘స్పెషల్ ఏం లేదు సార్. ఈడ సామాన్ ఎత్తుతం. గేటు పెద్దగుంటది, బండి లోపటికే పోతది’ అన్నాను గర్వంగా. ఆయన ఏదో లోతైన మాట విన్నట్టు తలూపి ఒక ఫొటో తీసుకున్నాడు. రెండోది కోళ్ళ ఫారం. అక్కడ ముక్కు మూసుకుని కూడా ఒక ఫొటో తీసుకున్నాడు, పాపం. మూడోది ముందు కుక్క ఉండే ఇల్లు. కుక్క నిజంగానే ఉంది. సారు పరుగెత్తుకొచ్చి పికప్‌లో పడి, రొప్పుతూ, ‘బ్రదర్... అసలు లొకేషన్ అంటే ఏమనుకుంటున్నారు మీరు?’ అన్నాడు.

నేను ఫోన్ తీసి ఎర్ర చుక్క చూపించాను. ఆయన చుక్కను చూశాడు, నన్ను చూశాడు. వెనక నుంచి కడప భాయ్ గొంతు సవరించుకున్నాడు. ‘అది కాదు సామీ, వీని లొకేషన్ అంటే బండి యాడికి పోవల్లనో అది. మీ లొకేషన్ అంటే కన్ను యాడికి పోవల్లనో అది. మాట ఒకటే, దావలు యేరే’ అన్నాడు. అంత బాగా తెలిసినవాడు పొద్దున్నే చెప్పొచ్చు గదా అని నాకు ఒళ్ళు మండింది, అదే అడిగేశాను. ‘నువ్వు అడగల్యా గదరా అబ్బీ’ అన్నాడు.

సారు కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆయన కోప్పడలేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఇన్నేళ్ళుగా షూటింగుల్లో హీరోలకు గొడుగు పట్టాడట. ఇది ఆయన చేతికి మొదటిసారి ఒంటరిగా వచ్చిన పని. మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం. ఈ ఒక్కరోజులో సినిమాకు కావలసిన ఆ ఒక్క చోటు దొరక్కపోతే ఈ పని ఇంకొకడికి పోతుంది, ఆయన మళ్ళీ గొడుగు దగ్గరికి పోతాడు. కావలసింది కూడా పెద్దదేం కాదు. దుబాయో, మస్కటో వచ్చిన ఒక పనివాడు ఇంటికి ఫోన్ చేసి మాట్లాడే సీను. చూడగానే వాడు ఎంత ఒంటరివాడో తెలియాలి, అంతే. నా నాలుగు ముక్కల గొప్ప చూసుకుని వచ్చిన మనిషి గదా. ‘లేవుండ్రి సార్, ఒమన్ల జాగలకేం కరువు’ అని బండెక్కించాను.

ఇక ఆ రోజు మేం తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు. సమాయిల్ కోట కిందికి పోయాం. ఖర్జూరపు తోటల్లో కాలువ గట్ల మీద నడిచాం. ఖురియాత్ దాకా పోయి సముద్రం, చేపల పడవలు, ఎగిరే కొంగలు అన్నీ చూపించాను. సారు ప్రతిచోటా నన్ను నిలబెట్టి, ‘ఒంటరిగా చూడండి’ అని ఫొటోలు తీశాడు. నేనేమో కెమెరా కనబడగానే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాణ్ణి. తప్పు నాది కాదు. గల్ఫ్‌లో ఫొటో అంటే ఇంటికి పంపేది. అందులో నవ్వకపోతే ఆ పూటే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి, పాణం బాగలేదా, కంపెనీల ఏమన్న లొల్లా అని. ‘దుఃఖంగా బ్రదర్, దుఃఖంగా’ అని ఆయన బతిమాలుతుంటే నాకు ఇంకా నవ్వొచ్చేది. కడప భాయ్ చెప్పకుండానే ప్రతి ఫొటోలో ఒక మూల నుంచి నల్ల కళ్ళద్దాలతో తొంగిచూసేవాడు. ఫొటోలు వాట్సాప్ లో హైదరాబాదు పోయేవి, అక్కడి నుంచి డైరెక్టరు గారి గొంతు వచ్చేది. ‘బావుందయ్యా, క్యాలెండరుకి బావుంది.’ ‘ఆ నవ్వేవాడు టూరిస్టా?’ సముద్రం ఫొటోలకైతే జవాబే రాలేదు. బిర్యానీ డబ్బా తెరిస్తే సారు రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు. కడప భాయ్ దాన్ని తన వంటకు జరిగిన అవమానంగా తీసుకోలేదంటే పరిస్థితి ఎట్లా ఉందో మీరే ఊహించుకోండి.

తిరిగి సమాయిల్ చేరేసరికి పొద్దు కొండల వెనక్కి దిగుతోంది. సారు కెమెరాకు మూత పెట్టేశాడు. నాకు మాత్రం లోపల ఇంకో తొందర. అది మా ఆవిడకు ఫోన్ చేసే వేళ. రూమ్‌లో పెళ్ళాంతో మాట్లాడటమంటే బస్టాండులో మైకు పట్టుకుని మాట్లాడటమే, ఇటు నేను ఒక మాట అంటే అటు మంచాల మీద నుంచి నాలుగు జవాబులు వచ్చేవి. అందుకని ఊరి చివర, వాగు ఒడ్డున ఒక సగం కట్టి వదిలేసిన ఇల్లు ఉంటే రోజూ అక్కడికి పోయేవాణ్ణి. పైకప్పు లేదు. ఒకే ఒక్క గోడ, దాని ముందు మిగిలిపోయిన ఇటుకల గుట్ట. కొండలు కాస్త ఎడంగా ఉండి సిగ్నలు బాగా వచ్చేది. ‘సార్, ఒక్క పది నిమిషాలు’ అని బండి అటు తిప్పి ఆపి, దిగిపోయి ఇటుకల మీద కూర్చుని ఫోన్ కలిపాను. ఆ పది నిమిషాలు సారునూ, సినిమానూ మరిచిపోయిన మాట నిజం.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే సారు దూరంగా నేల మీద బోర్లా పడుకుని కెమెరా కంటికి పెట్టుకుని ఉన్నాడు. కడప భాయ్ ఆ రోజు మొట్టమొదటిసారి కళ్ళద్దాలు తీసి చేత పట్టుకుని, ఫొటోలో పడకుండా పికప్ వెనక నిలబడి ఉన్నాడు. ఈసారి డైరెక్టరు గారి గొంతు వెంటనే వచ్చింది. ‘ఇదే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా దీన్ని?’ సారు నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. ‘మీరు పంపిన వాటిలో ఇదెందుకు లేదు బ్రదర్?’ అన్నాడు. ‘ఈడికి ఎవ్వలేం తెప్పియ్యరు గద సార్’ అన్నాను. అది విని ఆయన నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు, మొహం తుడుచుకుంటూ పోయి బిర్యానీ డబ్బా తెరిచి మొత్తం ఖాళీ చేశాడు.

కొన్ని నెలలకు యూనిట్ దిగింది. నా ఇటుకలు ఇటుకల్లా లేవని వాటిని తీసేసి, థర్మాకోల్‌తో ఇటుకలు చేసి రంగు వేసి పెట్టారు. హీరో గారు వాటి మీద కూర్చుంటే ఆయన మొహానికి చెమట కూడా నీళ్ళు కొట్టి పట్టించారు (సమాయిల్ ఎండలో!). లొకేషన్ సారు చేతిలో ఈసారి గొడుగు లేదు, మైకు ఉంది. షూటింగు అయినన్ని రోజులూ నేను రూమ్‌లో దుప్పటి కప్పుకుని గుసగుసగా ఫోన్ మాట్లాడుకున్నాను. సినిమా అయ్యాక నా చోటు నాకు వస్తుందనుకుంటే, అదీ రాలేదు. అప్పటికే షూటింగు ఫొటోలు అందరి ఫోన్లలోకీ పాకాయి. సోహార్ నుంచి, మస్కట్ నుంచి మనవాళ్ళు శుక్రవారం శుక్రవారం బండ్లు కట్టుకుని వచ్చి ఆ గోడ ముందు ఫొటోలు దిగేవాళ్ళు. ఒకరోజు ఫోన్‌లో ఉన్న నన్ను చూసి ఒక కుర్రాడు ‘అన్నా, కొంచెం జరుగు, ఫొటోల పడ్తున్నవ్’ అన్నాడు. జరిగాను. ఆ తర్వాత అక్కడికి పోవడమే మానేశాను.

సినిమా విడుదలయ్యాక మా ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కోరుట్ల పోయి చూసొచ్చింది. ఆ సాయంత్రం నేను పికప్‌లో అద్దాలు ఎత్తుకుని కూర్చుని ఫోన్ చేశాను. ‘గా ఫోన్ సీన్ల అందరు ఏడ్సిండ్రు. నా పక్కసీటామె కొంగంత తడుపుకున్నది’ అంది. ‘నువ్వు?’ అన్నాను ఆశగా. ‘నాకు నవ్వచ్చింది’ అంది. నాకు ప్రాణం చివుక్కుమంది. ఎందుకన్నాను. ‘గాయిన ఆడ కూసొని పెండ్లాంతోని గంతసేపు గంత మంచిగ మాట్లాడవట్టె. నిద్ర పడ్తలేదంటడు, నువ్వే యాదికస్తున్నవంటడు. గదే జాగల కూసొని నువ్వు దినాం ఏమడుగుతవ్? ఏం కూర అనేగద!’ అని పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయింది. ‘సుట్టుముట్ట ఒక్క మనిషి లేడు గద ఆడ. గంత ఒక్కనివి కూసొని గింత చిన్న మాట అడుగుదువా?’ అంది.

హీరో గారి ఆ మాటలు నాకు కంఠతా వచ్చు, ఆయన ఎన్నిసార్లు తప్పాడో అన్నిసార్లు పక్కన నిలబడి విన్నాను. అవే అప్పజెబుదామని గొంతు సవరించుకున్నాను. నా కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. అంతా సిద్ధంగా ఉంది, కానీ నోరు తెరిస్తే ‘ఇంతకు ఇయ్యాల ఏం కూర?’ అని వచ్చింది. ‘చిక్కుడుకాయ’ అంది ఆమె, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. ఆ పికప్‌లో కూర్చున్న పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు వాడి మీద జాలీ, ప్రేమా రెండూ కలుగుతాయి. టమాట ఏసినవా లేదా అని కూడా అడిగాడు వాడు.